కుక్కను క్రాస్ చేయించే ముందు దాని వంశం చూడండి

"ల్యాబ్ ఫీమేల్, ఏడాదిన్నర, హీట్‌లో ఉంది, మంచి మేల్ కావాలి, అర్జెంట్, హన్మకొండ." కుక్కలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. కింద జవాబులు కూడా దాదాపు ఒకేలా ఉంటాయి: మా దగ్గర మేల్ ఉంది, హెవీ బోన్, పెద్ద తల, పేపర్స్ ఉన్నాయి, పైసలేం వద్దు, ఒక పిల్ల ఇస్తే చాలు. ఫోటో పెడతారు, లొకేషన్ పంపుతారు, రెండు రోజుల్లో పని అయిపోతుంది. ఆ మగ కుక్క తల్లి ఇప్పుడు ఎలా నడుస్తోంది, దానితో పాటు పుట్టిన మిగతా పిల్లలు ఏమయ్యాయి, దాని తుంటి ఎప్పుడైనా ఎక్స్‌రే తీయించారా అని అడిగేవాళ్లు చాలా తక్కువ.

పాడి చేసుకునే రైతు అయితే గేదెను దాటించే ముందు దున్న ఒడ్డూ పొడుగూ చూసి ఊరుకోడు, దాని తల్లి పూటకు ఎన్ని లీటర్లు ఇచ్చిందో అడుగుతాడు. దున్న పాలివ్వదు కాబట్టి దాని రక్తంలో ఏముందో తల్లినీ, తోబుట్టువులనూ చూస్తేనే తెలుస్తుందని అతనికి తెలుసు. కుక్కల దగ్గర కూడా పనికొచ్చే లెక్క ఇదే. పుట్టబోయే పిల్లలు ఆరోగ్యంగా ఉండాలంటే కళ్లముందున్న కుక్క ఎంత బలంగా, ఎంత అందంగా ఉందన్న దానికంటే, అది ఏ కుటుంబం నుంచి వచ్చింది, ఆ కుటుంబంలో ఎవరికి ఏ జబ్బు ఏ వయసులో వచ్చింది అన్నదే ఎక్కువ చెబుతుంది. ఇది హీట్ వచ్చిన, అంటే ఆడ కుక్క ఎదకు వచ్చిన వారంలో హడావిడిగా తేలే పని కాదు. కనీసం ఆరు నెలల ముందే మొదలుపెట్టాలి.

దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది, అసలు క్రాస్ చేయించాలా వద్దా అని. ఆడ కుక్క జీవితంలో ఒక్కసారైనా పిల్లలు పెట్టకపోతే రోగాలొస్తాయని మన దగ్గర చాలామంది గట్టిగా నమ్ముతారు, కొన్నిసార్లు మందుల షాపువాళ్లు కూడా ఇదే చెబుతారు. దీనికి వైద్యంలో ఆధారం లేదు. వయసు మీద పడ్డాక గర్భసంచిలో చీము పట్టే పయోమెట్రా అనే ప్రాణాంతకమైన జబ్బు ఉంది, ఒక లిట్టర్, అంటే ఒక కాన్పు పిల్లలు, పెట్టినంత మాత్రాన అది రాకుండా పోదు. ఆపరేషన్ చేయించి గర్భసంచి, అండాశయాలు తీయిస్తే దాదాపుగా ఆ భయమే ఉండదు. ఇంట్లో ప్రేమగా పెంచుకునే కుక్కల్లో నూటికి తొంభైకి పైగా వాటికి పిల్లలు పెట్టించాల్సిన అవసరమే లేదన్నది నా అభిప్రాయం. మంచి కుక్క కావడం వేరు, తర్వాతి తరానికి తల్లో తండ్రో కావడానికి తగిన కుక్క కావడం వేరు.

సరే, అన్నీ ఆలోచించి పిల్లలు పెట్టించాలనే అనుకున్నారు. అప్పుడు వంశంలో దేని కోసం వెతకాలి?

తల్లిదండ్రుల నుంచి వచ్చే జబ్బుల్లో కొన్ని ఒకే ఒక్క జన్యువు వల్ల వస్తాయి. ల్యాబ్రడార్‌లలో కనిపించే పీఆర్‌ఏ అలాంటిదే, కంటి వెనకపొర మెల్లగా పాడై, మొదట చీకట్లో చూపు తగ్గి, చివరికి పూర్తిగా పోతుంది. ప్రతి పిల్లకూ ఆ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. రెండూ చెడ్డవైతేనే జబ్బు. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది ఉన్న కుక్కను క్యారియర్ అంటారు, దాని చూపుకు ఈ జబ్బు వల్ల ఏ ఢోకా ఉండదు, పరిగెత్తుతుంది, బంతి పట్టుకుంటుంది, డాక్టర్ కంట్లో లైటు వేసి చూసినా తేడా కనిపించదు. అలాంటి రెండు క్యారియర్లను కలిపితే సగటున నాలుగు పిల్లల్లో ఒకటి గుడ్డిదవుతుంది, రెండు క్యారియర్లవుతాయి, ఒకటి మాత్రమే పూర్తిగా క్లియర్, అంటే రెండూ మంచి జన్యువులే ఉన్నది. చూడ్డానికి రెండూ బంగారంలాంటి కుక్కలే, పిల్లలు రెండు నెలలకు అమ్ముడుపోతాయి, అవి తడబడటం మొదలయ్యేసరికి అమ్మినవాళ్ల నంబరు కూడా మారిపోయి ఉంటుంది.

దీనికి డీఎన్ఏ పరీక్ష ఉంది. చెంప లోపలి నుంచి దూదిపుల్లతో తీసిన నమూనానో, కొద్దిగా రక్తమో సరిపోతుంది. కుక్క జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు, ఫలితం మారదు. క్యారియర్ అని తేలిందని ఆ కుక్కను పక్కన పెట్టేయాల్సిన పని లేదు. క్లియర్ కుక్కతో కలిపితే పుట్టే పిల్లల్లో ఒక్కదానికీ ఆ జబ్బు రాదు, సగం మాత్రం క్యారియర్లవుతాయి, వాటిలో ముందుకు తీసుకెళ్లదలచిన దాన్ని మళ్లీ పరీక్షించుకుంటే సరిపోతుంది. క్యారియర్లన్నింటినీ ఏరి పారేస్తే ఇంకో నష్టం ఉంది. జాతిలో ఉన్న వైవిధ్యం తగ్గిపోయి, ఇంతవరకు మరుగున ఉన్న వేరే జబ్బేదో పైకి రావచ్చు.

ఈ తప్పు చివరికి ఎక్కడిదాకా పోతుందో డాల్మేషియన్‌ను చూస్తే తెలుస్తుంది. మచ్చలు అందంగా, స్పష్టంగా రావాలని తరతరాలుగా ఏరుకుంటూ పోయేసరికి యూరిక్ యాసిడ్‌ను ఒంట్లో సరిగా విడగొట్టలేని ఒక లోపం జాతి మొత్తానికీ అంటుకుంది. శుద్ధ జాతి డాల్మేషియన్‌లలో మంచి జన్యువు ఉన్న కుక్కే మిగల్లేదు, మూత్రంలో రాళ్లు కట్టి, ముఖ్యంగా మగ కుక్కలు మూత్రం బంద్ అయి చచ్చిపోయేవి. 1973లో రాబర్ట్ షైబుల్ అనే అమెరికా జన్యు శాస్త్రవేత్త ఒక డాల్మేషియన్‌ను పాయింటర్ అనే వేరే జాతి కుక్కతో కలిపి, పుట్టిన పిల్లలను మళ్లీ మళ్లీ డాల్మేషియన్‌లతోనే కలుపుతూ, ఆ ఒక్క మంచి జన్యువును మాత్రం పోనివ్వకుండా కాపాడుకుంటూ వచ్చాడు. కొన్ని తరాలకే అవి చూడ్డానికి అచ్చం డాల్మేషియన్‌లయ్యాయి. అయినా "రక్తం కలుషితమైంది" అని జాతి క్లబ్బులవాళ్లు దశాబ్దాల పాటు అడ్డుపడ్డారు, అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఆ వంశాన్ని ఒప్పుకునేసరికి 2011 వచ్చింది. ప్యూర్ బ్రీడ్ అనే మాట దగ్గరే ఆగిపోతే కుక్కలకు ఎంత బాధ మిగులుతుందో చెప్పడానికి నాకు ఇంతకు మించిన ఉదాహరణ కనిపించలేదు.

తుంటి జబ్బు, అంటే హిప్ డిస్‌ప్లేసియా, ఇంత సులభంగా లెక్కకు దొరకదు. ల్యాబ్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్, గోల్డెన్ రిట్రీవర్ లాంటి పెద్ద జాతుల్లో ఇది ఎక్కువ. తొడ ఎముక తల తుంటి గిన్నెలో గట్టిగా కూర్చోకుండా వదులుగా కదులుతూ, కీలు అరిగిపోతుంది. పుట్టినప్పుడు కీలు మామూలుగానే ఉంటుంది, పెరిగేకొద్దీ వదులవుతుంది. దీని వెనక చాలా జన్యువులుంటాయి, తిండి, బరువు, పెరిగే నేల కూడా వాటికి తోడవుతాయి. ఒక్క డీఎన్ఏ పరీక్షతో తేలిపోయే విషయం కాదు.

ఇంట్లోనే కొంత గమనించవచ్చు. మన ఇళ్లలో గచ్చు ఎక్కువగా నున్నటి గ్రానైటో, టైల్సో. దాని మీద పడుకున్న కుక్కను పిలిచి, అది లేచే తీరు పక్క నుంచి చూడండి. తుంటి బాగున్న కుక్క వెనక కాళ్లతో తోసుకుని ఒక్క ఊపులో లేస్తుంది. బాగాలేనిది ముందు కాళ్ల మీద బరువు వేసి, ఒంటిని ముందుకు లాక్కుంటూ, వెనక పాదాలు పక్కలకు జారుతుంటే మెల్లగా లేస్తుంది. తర్వాత వెనకవైపు నిలబడి అది నడుస్తుంటే చూడండి, నడుము అటూ ఇటూ ఊగుతుందా అని. మెట్లెక్కేటప్పుడు, పరిగెత్తేటప్పుడు వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతుతుంటే అది ముద్దుగా ఉందని వీడియో తీసుకోవడం కాదు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. ఇవేవీ కనిపించకపోయినా తుంటి బాగుందని కాదు. ఓ మాదిరి తేడాలను కండబలంతో కప్పిపుచ్చుకుని తిరిగే కుక్కలు చాలా ఉంటాయి, వాటిని ఎక్స్‌రే మాత్రమే పట్టిస్తుంది.

ఎక్స్‌రే కూడా ఎలా పడితే అలా తీస్తే పనికిరాదు. కుక్కకు మత్తు ఇచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, వెనక కాళ్లు రెండూ సమానంగా చాచి, మోకాలి చిప్పలు సరిగ్గా మధ్యకు వచ్చేలా లోపలికి తిప్పి తీయాలి. నడుము కొంచెం ఒరిగినా ఒక తుంటి ఉన్నదానికంటే మంచిగా, ఇంకోటి ఉన్నదానికంటే చెడ్డగా కనిపిస్తుంది. వయసు కూడా ముఖ్యం. 1966లో మొదలైన అమెరికాలోని ఓఎఫ్‌ఏ సంస్థ తుంటికి తుది సర్టిఫికెట్ ఇవ్వాలంటే కుక్కకు 24 నెలలు నిండాలంటుంది, అంతకు ముందు తీసిన ఎక్స్‌రేలో దాగిన లోపం తర్వాత బయటపడొచ్చు కాబట్టి. మన దగ్గర ఏడాది కూడా నిండని మగ కుక్కతో క్రాసింగ్ మొదలుపెట్టేస్తారు, ఈ ఒక్క కారణంతోనైనా అది మానుకోవాలి.

రైతు లెక్క ఇక్కడ బాగా పనికొస్తుంది. ఒక మగ కుక్క తుంటి ఎక్స్‌రేలో అద్భుతంగా ఉండి, దాని అన్నదమ్ముల్లో, అక్కచెల్లెళ్లలో సగానికి కుంటి నడక ఉందనుకోండి. ఇంకో కుక్క తుంటి ఓ మాదిరి బాగుంది, కానీ దాని తోడబుట్టినవన్నీ, తల్లీ తండ్రీ కూడా ఎనిమిదేళ్ల వయసులో మెట్లెక్కి దిగుతున్నాయి. పిల్లల కోసం రెండోదే నయం. బ్రిటన్ కెన్నెల్ క్లబ్ 2014 నుంచి కుటుంబం మొత్తం ఎక్స్‌రే ఫలితాలు కలిపి ఒక్కో కుక్కకు జన్యుపరమైన అంచనా విలువ లెక్కగట్టి ఇస్తోంది. మనకు కంప్యూటర్ లెక్క లేకపోయినా ఒక నోట్‌బుక్, ఫోన్ ఉన్నాయి. మీ కుక్కతో పాటు పుట్టినవి ఒకటి కాజీపేటలో, ఒకటి నర్సంపేటలో, ఇంకోటి జనగామలో ఉంటాయి, అంతే దూరం. అమ్మినాయన దగ్గర నంబర్లు తీసుకుని, ఎలా నడుస్తోంది, చర్మం ఎలా ఉంది, ఫిట్స్ ఏమైనా వచ్చాయా, ఎవరినైనా కరిచిందా అని అడిగి రాసి పెట్టుకుంటే, ఖరీదైన పరీక్షలు చెప్పలేని సంగతులు కూడా కొన్ని తెలుస్తాయి.

హెవీ బోన్, డబుల్ బోన్ అని చెప్పి ఎక్కువ రేటుకు అమ్మడం మన మార్కెట్లో మామూలైపోయింది. అలాంటి ఎముక ఏదీ లేదు. బొద్దుగా, లావు కాళ్లతో కనిపించాలని పిల్లకు అతిగా తినిపించడం, డాక్టర్ చెప్పకుండానే కాల్షియం సిరప్‌లు పోయడం వల్ల పెద్ద జాతుల కీళ్లు ఇంకా పాడవుతాయి. 48 ల్యాబ్రడార్‌ల మీద వాటి జీవితకాలం పొడవునా జరిగి 2002లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఒకే లిట్టర్‌లో పుట్టిన జంటల్లో ఒకదానికి 25 శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవి సగటున దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, తుంటి అరుగుదల కూడా వాటిలో తక్కువగా, ఆలస్యంగా కనిపించింది. కాబట్టి క్రాసింగ్‌కి కుక్కను చూసేటప్పుడు పక్కటెముకలు చేతికి తగిలేంత సన్నగా ఉంటే అది లోపమని అనుకోకండి.

ఇక దగ్గరి రక్తం సంగతి. మేనరికాల గురించి మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. మేనమామ, మేనకోడలు పెళ్లి చేసుకుంటే పుట్టే బిడ్డకు రక్తసంబంధపు లెక్క 12.5 శాతం, బావామరదళ్లయితే 6.25 శాతం. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఒకే పూర్వీకుడి జన్యువు రెండు కాపీలుగా వచ్చే అవకాశం అది. ఈ లెక్క గట్టే పద్ధతిని స్యూయల్ రైట్ అనే శాస్త్రవేత్త 1922లో ఇచ్చాడు, మనుషులకైనా కుక్కలకైనా అదే సూత్రం. తండ్రి కూతుళ్లను కలిపినా, ఒకే తల్లిదండ్రులకు పుట్టిన అన్నాచెల్లెళ్లను కలిపినా అది 25 శాతానికి పోతుంది, తండ్రి ఒకరై తల్లులు వేరైన వాటిని కలిపితే 12.5. మేనరికం వద్దని పిల్లలకు చెప్పే ఇళ్లలోనే "లైన్ ఫిక్స్ చేయాలి" అంటూ తండ్రీకూతుళ్లను క్రాస్ చేయిస్తారు. అలా చేస్తే తల ఆకారం, రంగు ఒకేలా వస్తాయన్నది నిజమే. దాంతోపాటు పిల్లల సంఖ్య తగ్గడం, పుట్టిన వారంలోనే కొన్ని చచ్చిపోవడం, రోగనిరోధక శక్తి సన్నగిల్లడం కూడా వస్తాయి.

మన ఊరి సమస్య ఏంటంటే, కావాలని చేయకపోయినా ఇది జరిగిపోతుంది. వరంగల్, హన్మకొండ, కాజీపేట కలిపి చూసినా ఒక్కో జాతిలో అందరూ మెచ్చే మగ కుక్కలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి. షోలో కప్పు గెలిచిన ఒక రాట్‌వీలర్ ఉందంటే చుట్టుపక్కల ఆడ కుక్కలన్నీ దాని దగ్గరికే పోతాయి. మూడేళ్లు తిరిగేసరికి కరీంనగర్ నుంచి మహబూబాబాద్ దాకా ఆ జాతి పిల్లల్లో చాలావాటికి అదే తండ్రి, ఇక ఆ పిల్లలకు జత వెతికితే దొరికేవి సవతి తోబుట్టువులే. పైగా దానిలో దాగిన లోపం ఒకటుంటే అది బయటపడేలోపే జిల్లాలకు జిల్లాలు పాకిపోతుంది. కాబట్టి పేపర్స్ ఉన్నాయా అని అడిగి ఊరుకోవద్దు, వాటిని చదవాలి. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే పత్రంలో మూడు తరాల పేర్లుంటాయి. మీ కుక్క పత్రం, ఆ కుక్క పత్రం పక్కపక్కన పెట్టి, తాతల వరుసలో, ముత్తాతల వరుసలో ఒకే పేరు రెండు వైపులా వచ్చిందా అని వేలు పెట్టి చూసుకోండి. ఆ పత్రం వంశవృక్షాన్ని చెబుతుంది, అంతే. ఆ కుక్కలకు తుంటి బాగుందనో, గుండె బాగుందనో అందులో ఎక్కడా ఉండదు.

కొన్ని జబ్బులు క్రాసింగ్ వయసు దాటాకే బయటపడతాయి, అన్నిటికంటే టెన్షన్ పెట్టేవి అవే. డాబర్‌మన్‌లలో గుండె కండరం బలహీనపడి పెద్దదైపోయే జబ్బు సాధారణంగా నడివయసులో కనిపిస్తుంది, యూరప్‌లో జరిగిన ఒక పెద్ద పరిశీలనలో సగానికి పైగా డాబర్‌మన్‌లకు ఎప్పుడో ఒకప్పుడు అది వస్తుందని తేలింది. రెండేళ్ల డాబర్‌మన్ గుండె బాగుందంటే ఆరేళ్లకు కూడా బాగుంటుందని హామీ లేదు, అప్పటికి దానికి ముప్పై పిల్లలు పుట్టి ఉండొచ్చు. అందుకే ఇలాంటి జాతుల్లో ఆరేడేళ్లు దాటి ఇంకా చురుగ్గా ఉన్న మగ కుక్కను ఎంచుకోవడం, లేదా తల్లిదండ్రులు, తాతలు ఏ వయసులో దేనితో చచ్చిపోయారో కనుక్కోవడం మంచిది. కుర్ర కుక్క ఫోటోలో బాగుంటుంది. వయసు మీద పడ్డాక కూడా ఆరోగ్యంగా ఉన్న కుక్క మాత్రం పరీక్ష పాసై వచ్చినట్టు లెక్క.

అంటువ్యాధుల గురించి మాట్లాడుకోవడానికి మొహమాటపడతారు గానీ, తప్పదు. మన దగ్గర వీధి కుక్కల్లో జననాంగాల మీద క్యాన్సర్ గడ్డ ఒకటి బాగా కనిపిస్తుంది, టీవీటీ అంటారు. కలయికలో ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు క్యాన్సర్ కణాలే నేరుగా అంటుకుంటాయి. ఆడ కుక్కకు హీట్ అయిపోయాక కూడా వారాల తరబడి రక్తం చుక్కలు పడుతుంటే, మగ కుక్క అదే పనిగా నాక్కుంటూ, పడుకున్న చోట రక్తపు మరకలుంటే అనుమానించాలి. విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లు వారానికొకటి చొప్పున కొన్ని వారాలు వేస్తే ఎక్కువ కుక్కలకు నయమవుతుంది. గేటు దూకి తిరిగొచ్చే మగ కుక్కను ఈ గడ్డ ఉందేమో డాక్టర్‌కు చూపించకుండా ఏ ఆడ కుక్క దగ్గరికీ పంపకూడదు. బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా ఇంకా మొండిది, కడుపు పోవడం, పిల్లలు చచ్చి పుట్టడం, మగ కుక్కకు వృషణాలు వాయడం దీని పని, మందులతో పూర్తిగా పోతుందని నమ్మకం లేదు, మనుషులకూ అంటుకోవచ్చు. రక్త పరీక్షతో తెలుస్తుంది. గోమార్లు, పిడుదులు అని పిలిచే పురుగుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ మన వేడికి ఏడాదిలో చాలా నెలలు ఉంటుంది. పైకి మామూలుగా ఉంటూనే ప్లేట్‌లెట్లు పడిపోయిన ఆడ కుక్క కాన్పు సమయంలో రక్తం ఆగక ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది, కాబట్టి క్రాసింగ్‌కి ముందే ఒక రక్త పరీక్ష చేయించాలి. టీకాలు, నట్టల మందు కూడా హీట్ రాకముందే పూర్తి కావాలి. తల్లికి టీకా సరిగా ఉంటేనే పిల్లలకు మొదటి పాలలో పార్వో అనే ప్రాణాంతక వైరస్ నుంచి కొన్ని వారాల రక్షణ అందుతుంది. మగ కుక్కకు రెండు వృషణాలూ కిందికి దిగాయా అన్నది చేత్తో తడిమి చూస్తే తెలిసే సంగతి, ఒకటి దిగకపోతే దాన్ని వాడకూడదు, ఎందుకంటే అది కొడుకులకూ వస్తుంది, కూతుళ్ల ద్వారా మనవలకూ వస్తుంది.

స్వభావం కూడా రక్తంలో కొంత వస్తుంది. శబ్దానికి మంచం కిందికి దూరే తల్లికి, కొత్తవాళ్లను చూస్తే ముందు కరిచే తండ్రికి పుట్టిన పిల్లలను ఎంత బాగా పెంచినా కొంత భయం, కొంత కోపం మిగిలే అవకాశం ఎక్కువ. 2024 మార్చిలో కేంద్రం పిట్‌బుల్, రాట్‌వీలర్ సహా 23 జాతుల పెంపకం, అమ్మకం ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది, ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. జాతి పేరు మీద జరిగిన ఆ గొడవలో అసలు విషయం పక్కకు పోయింది. కరిచే రాట్‌వీలర్‌ను "గార్డింగ్ బాగా చేస్తుంది" అని గొప్పగా చెప్పి క్రాసింగ్‌కి ఇచ్చేవాళ్లను ఆపకుండా ఏ జాబితా వల్లా ఉపయోగం లేదు. పరాయి మనిషి ఇంట్లోకి వచ్చినప్పుడు యజమాని చెబితే ఊరుకునే కుక్క, డాక్టర్ టేబుల్ మీద భయపడినా కరవని కుక్క, అదీ పిల్లలకు తల్లిదండ్రులు కావాల్సింది.

మన ఎండ సంగతి కూడా చెప్పుకోవాలి. మే నెలలో వరంగల్, రామగుండం వైపు 45 డిగ్రీల దరిదాపుల్లోకి పోతుంది. కుక్క ఒంటిని చల్లబరుచుకునేది ప్రధానంగా రొప్పుతూనే, ముక్కు, గొంతు ఇరుకైన కుక్కకు ఆ దారే మూసుకుపోతుంది. 2003లో హచ్ ఫోన్ ప్రకటన వచ్చాక పగ్ మన ఊళ్లకు కూడా చేరింది, ఇప్పుడు ఫ్రెంచ్ బుల్‌డాగ్ వంతు. ముక్కు రంధ్రాలు గీతల్లా మూసుకుపోయి, నిద్రలో గురక పెట్టే పగ్‌ను అందరూ ముద్దుగా చూస్తారు గానీ అది పడేది ఊపిరి కోసం పాట్లు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారు చేసిన పరీక్ష చాలా సులువు, కుక్కను మూడు నిమిషాలు చురుగ్గా నడిపించి, ముందూ తర్వాతా గొంతు దగ్గర స్టెతస్కోప్ పెట్టి వినడం. ఆ నడకకే శబ్దం పెరిగి ఆయాసపడే కుక్కను క్రాసింగ్‌కి వాడితే పిల్లలకు ఆ బాధనే పంచినట్టు. బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లలో నూటికి ఎనభైకి పైగా కాన్పులు ఆపరేషన్‌తోనే అవుతాయని బ్రిటన్ లెక్కలు చెబుతున్నాయి, అంటే సొంతంగా పిల్లలను కనలేని శరీరాన్ని మనమే ఏరి ఏరి తయారు చేశాం. హస్కీల గురించి వాదించాల్సిన పని లేదు, ఈ ఎండల్లో వాటికి పిల్లలు పెట్టించడం ఆపేస్తే చాలు.

మన వాతావరణానికి అలవాటుపడ్డ ముధోల్ హౌండ్, చిప్పిపారై, రాజపాళయం లాంటివి ఉన్నాయి కదా అంటారు. నిజమే, ఎండను అవి బాగా తట్టుకుంటాయి. దేశీ జాతి కాబట్టి జబ్బులే ఉండవనుకోవడం మాత్రం తప్పు. తెల్లగా ఉండాలని ఏరుకుంటూ వచ్చిన రాజపాళయం కుక్కల్లో చెవుడు ఉంది, పిల్ల వెనక నుంచి చప్పట్లు కొట్టి చూడకుండా కొనకూడదు. సంఖ్య తక్కువైన జాతుల్లో దగ్గరి రక్తం కలిసే ప్రమాదం ఇంకా ఎక్కువ.

చట్టం కూడా కొంత చెప్పింది. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం పిల్లలు పెట్టించి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. 18 నెలలు దాటిన, ఆరోగ్యంగా ఉందని పశువైద్యుడు సర్టిఫికెట్ ఇచ్చిన కుక్కనే క్రాస్ చేయించాలి. ఆడ కుక్కకు వరసగా రెండు సీజన్లలో పిల్లలు పెట్టించకూడదు, జీవితం మొత్తంలో ఐదు లిట్టర్లకు మించకూడదు, 8 ఏళ్లు దాటాక అసలే వద్దు. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఈ చివరిది మన దగ్గర దాదాపు ఎవరూ పట్టించుకోరు. నెల రోజులకే, ఒక్కోసారి అంతకు ముందే అమ్మేస్తారు, ఎందుకంటే ఆ తర్వాత పిల్లల తిండి ఖర్చు, టీకా ఖర్చు అమ్మేవాళ్ల మీద పడుతుంది. అన్నదమ్ములతో ఆడుకుంటూ, గట్టిగా కొరికితే అవతలిది కేకపెట్టి ఆట మానేస్తుందని పిల్ల నేర్చుకునేది సరిగ్గా ఐదో వారం నుంచి ఎనిమిదో వారం మధ్యనే. ఆ పాఠం లేకుండా వచ్చిన పిల్ల ఇంట్లో అందరి చేతులూ గాయం చేస్తుంటే, తర్వాత జాతి మీద నింద వేస్తారు.

డబ్బు లెక్క కూడా దాచకుండా చెప్పుకోవాలి. పరీక్షలు, ఎక్స్‌రే, తల్లి తిండి, అవసరమైతే అర్ధరాత్రి ఆపరేషన్, ఎనిమిది పిల్లలకు రెండు నెలల తిండి, నట్టల మందు, మొదటి టీకా, ఇవన్నీ నిజాయితీగా కలిపితే ఒక లిట్టర్ మీద చేతికి పెద్దగా మిగలదు. లాభం ఎక్కువ కనిపిస్తోందంటే ఈ ఖర్చుల్లో ఏదో ఒకటి ఎగ్గొట్టినట్టే. అమ్మిన పిల్ల ఏ వయసులో వద్దనుకున్నా వెనక్కి తీసుకోవడానికి ఇంట్లో చోటు ఉండాలి. పిల్లలు పెట్టడం ఆగిపోయాక మామునూరు రోడ్డు మీదో, స్టేషన్ దగ్గరో వదిలేసిన ల్యాబ్ తల్లుల పొట్టలు వేలాడుతూ కనిపిస్తాయి, వాటిని వదిలేసినవాళ్లు ఒకప్పుడు వాటి ఫోటోలే గ్రూపుల్లో పెట్టి ఉంటారు.

కొనేవాళ్లు మారితే అమ్మేవాళ్లు మారతారు. ఫోన్‌లో రేటు అడిగే ముందు తల్లి వయసెంత, ఇది ఎన్నో లిట్టర్, తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే చూపిస్తారా, గత లిట్టర్ తీసుకున్న ఇద్దరి నంబర్లు ఇస్తారా అని అడగండి. కోపం తెచ్చుకునేవాళ్లు, ఇంటికి రావద్దు బస్టాండ్ దగ్గర తెచ్చిస్తా అనేవాళ్లు, తల్లి ఊళ్లో ఉందనేవాళ్లు ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు. పిల్ల ఇక్కడ దొరకకపోతే కరీంనగర్ వెళ్లండి, హైదరాబాద్ వెళ్లండి. కాజీపేట నుంచి రైలెక్కితే రెండు మూడు గంటల దారి, తల్లిని కళ్లారా చూసి రావడానికి ఒక ఆదివారం చాలు.